జానెడు కొసరు

మా కొట్టుకు వానాకాలమే పంట. మిగతా నెలల్లో తాళ్ళు అమ్ముకుంటూ తీరిగ్గా కూర్చుంటాం. మబ్బు పట్టిందంటే చాలు, టార్పాలిన్ల కోసం జనం తోసుకుంటూ వస్తారు. లారీల మీద కప్పుకోవడానికి కొందరు, కారే ఇంటి కప్పు మీద పరుచుకోవడానికి కొందరు. ఆ హడావుడిలో ఏం పోయిందో ఏం మిగిలిందో వానలు వెనకబట్టాక గానీ తేలదు. ఆ ఏడాది వానలు వెనకబట్టాక చూసుకుంటే కొట్లోకి వచ్చిన లాభం మామూలే. ఇంట్లోకి వచ్చినదాన్ని మాత్రం దేని కింద జమ కట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అది తెచ్చింది మా కోడలు. దానికి కారణం ఒక పాత వీడియో గేము.

ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి అప్పటికి ఒక ఎండాకాలమే గడిచింది. మావాడు లారీ నడుపుతాడు. వానల్లో సరుకు ఎక్కడ ఆగితే వాడూ అక్కడే ఆగిపోతాడు. అందుకని ఇంట్లో ఉండేది ముగ్గురమే. కింద కొట్లో నేనూ మా ఆయనా, పైన గదిలో కోడలు. పిలిస్తే దిగేది, చెప్పిన పని చేసేది, మళ్ళీ మెట్లెక్కేది. వంక పెట్టడానికి ఏమీ లేదు, దగ్గరకు తీసుకోవడానికీ సందు లేదు. బేరమాడకుండా సరుకు పట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే నాకు మొదటి నుంచీ భయం. బేరమాడేవాడు మళ్ళీ వస్తాడు. ఆడనివాడు వచ్చేసారి పక్క కొట్టుకు పోతాడు.

తొలి వాన పడిన రోజు పొద్దున మావాడు లారీకి తాడు కావాలని వచ్చాడు. మా బల్ల అంచున మీటరుకొకటి చొప్పున ఇత్తడి మేకులు కొట్టి ఉంటాయి. తాడును బిగలాగకుండా, అలాగని వదులుగానూ కాకుండా మేకు నుంచి మేకుకు పరిచి, చివరి మేకు దాటాక ఒక జానెడు ముందుకు జరిపి కోస్తాం. ఆ జానెడు కొసరు. తాడు కొన్నవాడు దాన్ని కట్టుకోవాలి కదా, ముడికి పోయేది మా లెక్క. మా మామగారి నాటి ఆనవాయితీ అది. నేను ఎవరితో మాట్లాడుతున్నా ఆ జానెడు దానంతట అదే జరుగుతుంది.

మావాడికి మాత్రం సరిగ్గా మేకు దగ్గరే కోశాను.

"జానెడు వెయ్యవా అమ్మా?"

"ఇంట్లోవాళ్ళకు కొసరేమిట్రా? చాలకపోతే మళ్ళీ రా. కొట్టెక్కడికి పోతుంది?"

వాడు నవ్వి తాడు భుజాన వేసుకున్నాడు. కోడలు వాడి నీళ్ళ సీసా పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.

లారీ వెళ్ళాక తను బల్ల దగ్గరకు వచ్చింది. "అత్తయ్యా, గదిలో బట్టలు ఆరేసుకోవడానికి ఒక తాడు కావాలి."

అప్పటికే బయట జనం. నేను ఎవరికో టార్పాలిన్ మందం గురించి చెబుతూనే తాడు పరిచి కోసి ఇచ్చాను. ఆ అమ్మాయి తాడు కొస పట్టుకుని, మేకు దాటి వచ్చిన ముక్క వంక చూసింది.

"కొసరు కూడా వేశారా" అంది.

"తీసుకో అమ్మాయ్. ముడికి కావాలిగా."

"థాంక్సండీ" అని, తాడు చుట్టుకుని పైకి వెళ్ళిపోయింది.

అత్తకు థాంక్సండీ ఏమిటని మా ఆయన వైపు చూశాను. ఆయన నైలాను తాళ్ళ కొసలు విడిపోకుండా కొవ్వొత్తి మంట మీద కాల్చి వేళ్ళతో అదుముతున్నారు. "మర్యాద తెలిసిన పిల్ల" అన్నారు తలెత్తకుండా.

*

కొన్నాళ్ళకు పై గది కప్పు కారుతోందేమో చూద్దామని టార్పాలిన్ ముక్క పట్టుకుని మధ్యాహ్నం పూట మెట్లెక్కాను. కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత డబ్బా టీవీ ముందు నేల మీద కూర్చుని ఉంది. తెర మీద చేతిలో లాంతరుతో ఒక బుల్లి మనిషి. చూడగానే గుర్తుపట్టాను. మావాడి చిన్నప్పుడు ఈ ఆట కోసమే పిల్లలందరూ వీధి చివర వీడియో గేముల కొట్లో వరస కట్టేవాళ్ళు. లాంతరోడు అనేవాళ్ళు దాన్ని. వాడు ఒక బురుజులో అంతస్తు మీద అంతస్తు ఎక్కుతూ, ఆరిపోయిన దీపాలన్నీ వెలిగించుకుంటూ పోవాలి. శిఖరాన పెద్ద దీపం వెలిగితే ఆట అయిపోయినట్టు.

కోడలు మొదటి అంతస్తులోనే ఒక గడప మీదుగా దూకించడం, ఆపడం, మళ్ళీ మొదటికి రావడం. నేను వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను.

"బాగానే ఆడుతున్నావు కదమ్మాయ్, ఎందుకు చెరిపేస్తున్నావు?"

ఉలిక్కిపడి లేవబోయింది. కూర్చోమన్నాను.

"ఆట పూర్తి చెయ్యడం పెద్ద పని కాదత్తయ్యా. ఎంత తొందరగా పూర్తి చేశామన్నది లెక్క. ఈ గడప మీద కాలు ఆనితే వాడు రవ్వంత ఆగుతాడు. ఆనకుండా దూకితే ఆగడు."

"దాంతో ఎంత కలిసొస్తుంది?"

"కన్ను మూసి తెరిచేంత."

"అంతేనా?"

"అంతస్తుకు అంత అత్తయ్యా."

అప్పుడు నాకు బుర్రకెక్కింది. తాళ్ళ వ్యాపారంలో ఒక్కచోట కుప్పగా లాభం ఎప్పుడూ ఉండదు. చుట్ట చుట్టకూ తరుగు రవ్వంత తగ్గించుకుంటూ పోతే చివరికి తేలేదే మిగులు. ఈ పిల్ల చేస్తున్నది నా వ్యాపారమే, సరుకే వేరు. టార్పాలిన్ ముక్క పక్కన పడేసి నేనూ నేల మీద కూర్చున్నాను.

"మరి నీది ఎంత?"

"పోయినేడాది పన్నెండు నిమిషాలకు పది సెకన్లు తక్కువలో ముగించాను. ఈ ఆట ఆడేవాళ్ళకు ఒక సంఘం ఉంది. వాళ్ళకు వీడియో పంపితే, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఆడింది చెల్లదన్నారు. ఎక్కడో కత్తిరించి అతికించి ఉంటానన్నారు."

"అతికించావా?"

"లేదు."

బల్ల అవతల నిలబడి అబద్ధమాడేవాళ్ళు వెంటనే కారణాలు కూడా చెబుతారు. ఈ పిల్ల ఒక్క మాటతో ఆపేసింది. గుండీల పెట్టె పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి. పుట్టింట్లో ఈ సంగతి ఎవరికీ పట్టలేదట. మావాడికి చెబితే "పోనీలే, ఆటేగా" అన్నాడట.

"మాట పోయాక వ్యాపారం ఎక్కడుంటుంది?" అన్నాను. "ఆ సంఘంవాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారు?"

"ఇద్దరు ఈ ఊళ్ళోనే ఉన్నారత్తయ్యా. ఒకాయన టీవీలు బాగుచేస్తారు. ఇంకొకాయనకు కళ్ళజోళ్ళ షాపుంది. మొదటి స్థానం ఆయనదే."

"ఆ టీవీ డాక్టరు మనకు పాత ఖాతా. వచ్చే ఆదివారం ఇద్దర్నీ పిలుస్తాను. నీకు ఏం కావాలో చెప్పు."

గుండీల పెట్టె కింద పెట్టింది. "వాళ్ళ కళ్ళ ముందు ఒక్కసారి ఆడాలి అత్తయ్యా. అంతే."

*

ఆదివారం కొట్టుకు సెలవు. టార్పాలిన్లు పెట్టే గోదాములో, బేళ్ళ మీదే అందరం కూర్చున్నాం. టీవీ డాక్టరు హుషారు మనిషి. మా వీధిలో పాత డబ్బా టీవీలు ఇంకా ప్రాణంతో ఉన్నాయంటే ఆయన చలవే. కళ్ళజోళ్ళాయన మెల్లగా మాట్లాడే మనిషి. ఊరందరి అద్దాలూ తుడిచే ఆయన ముక్కు మీది అద్దాలు మాత్రం ఎప్పుడూ మసకే. కోడలు కూర్చోమన్నా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

"ఆట మాట తర్వాత. ముందు ఆ గోడ సంగతి తేల్చండి అక్కా" అన్నాడు టీవీ డాక్టరు.

ఐదో అంతస్తులో తలుపు మూసుకుంటున్నప్పుడు సరిగ్గా మూలకు దూకితే లాంతరోడు గోడలోంచి అవతలికి పోతాడట. ఆట తయారుచేసినవాళ్ళ పొరపాటు. దాంతో రెండు అంతస్తులు ఎక్కే పని తప్పుతుంది.

"అది ఆటలో ఉన్నదే కదా. నేను తెచ్చి పెట్టానా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"గోడలోంచి వచ్చేవాణ్ణి మా వీధిలో దొంగ అంటాం" అన్నారు మా ఆయన.

"మీరు కాస్త ఊరుకోండి. అమ్మాయ్, నువ్వు గోడలోంచి వెళ్ళావా?"

"వెళ్ళడం వచ్చు అత్తయ్యా. కానీ నేను పంపింది అన్ని అంతస్తులూ ఎక్కిందే."

"మరి ఇందులో తగువేముంది? కొబ్బరి తాడూ తాడే, నైలానూ తాడే. రెండూ ఒకే చుట్టలో చుట్టి అమ్మితేనే మోసం. గోడ దాటినవి ఒక రాశి పొయ్యండి, దాటనివి ఒక రాశి పొయ్యండి. ఏ రాశికి ఆ రాశిలోనే మొదటివాళ్ళు, రెండోవాళ్ళు."

కళ్ళజోళ్ళాయన అద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "దీని మీదే ఇన్నాళ్ళుగా కొట్టుకుంటున్నాం అక్కగారూ" అన్నాడు.

తర్వాత గొడవ గేము ఆడే మిషను మీదకు మళ్ళింది. ఆయన ఇంట్లో ఉన్న కొత్త రకం మిషను కాస్త వేగంగా తిరుగుతుందని ఒక అనుమానం. మా కోడలి పాత మిషను గుండీలు అరిగి తొందరగా తగులుతాయని ఇంకో అనుమానం. ఎవరి కాటా మీద వాళ్ళు తూచుకుంటే ఏ బజారులోనైనా గొడవే. టీవీ డాక్టరు షాపులో ఉన్న మిషను మీదే ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఆడాలన్నాను. నొక్కిపట్టుకుంటే దానంతట అదే టకటకా దూకించే గుండీ ఒకటి ఉంటుందట, అది పనికిరాదన్నాను. ఒక నొక్కుకు ఒక దూకుడు.

"ఆ గుండీ మీకు వద్దంటే నాకివ్వండి. పొద్దున్నే లేవడానికి పనికొస్తుంది" అన్నారు మా ఆయన.

"సరే, ఇంతకీ టైము ఎక్కడి నుంచి కొలుస్తారు?" అని అడిగాను.

మీట నొక్కినప్పటి నుంచి అన్నాడు టీవీ డాక్టరు. బురుజు కనబడినప్పటి నుంచి అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"కొస ఎక్కడుందో తెలియకుండానే ఇన్నాళ్ళూ తాడు కొలిచారా?"

కోడలు నవ్వింది. మా ఇంటికి వచ్చాక శబ్దం వచ్చేలా నవ్వడం అదే మొదలు. లాంతరోడు మొదటి అడుగు వేసినప్పటి నుంచి, శిఖరాన దీపం వెలిగేదాకా అని తేల్చాం.

"నాదొక మాట" అంది అప్పుడు. "ఆడేవాళ్ళ చేతులు, తెర, వాచీ పట్టుకున్నవాళ్ళ చెయ్యి... మూడూ ఒకే కెమెరాలో పడాలి. మొదటి నుంచి చివరిదాకా ఆపకూడదు. రేపు ఎవరూ అతికించారని అనకూడదు."

కళ్ళజోళ్ళాయన తల దించుకుని "అలాగే అమ్మా" అన్నాడు.

ఇక వాచీ ఎవరు పట్టాలన్న దగ్గర అందరూ నా వైపే చూశారు.

"నా కోడలు ఆడుతోంది. నేను పట్టకూడదు."

"బాగా చెప్పారు" అన్నాడు టీవీ డాక్టరు. "తాళ్ళక్క ఇంట్లోవాళ్ళ దగ్గరే ఎక్కువ గట్టిగా ఉంటుందని బజారంతా ఎరుగుదురు. పోయినేడాది మీ అబ్బాయి ఒక టార్పాలిన్ అడిగితే, చిరుగు పడిందే ఇచ్చారు కదా."

"చిరుగు కుట్టి ఇచ్చాను."

"అదే చెబుతున్నా. వాచీ మీరే పట్టండి."

*

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక కొట్టు మా ఆయనకు వదిలి నేను పైకి వెళ్ళేదాన్ని. టీవీ డాక్టరు ఇచ్చిన వాచీ గుప్పిట్లో పెట్టుకుని, కోడలి పక్కన కూర్చుని, లాంతరోడు అడుగు వెయ్యగానే నొక్కడం. శిఖరాన దీపం వెలగగానే మళ్ళీ నొక్కడం. మధ్యలో నోరు మూసుకోవడం నాకు కష్టమయ్యేది.

"ఏడో అంతస్తులో గబ్బిలం వస్తోందని చెప్పొద్దత్తయ్యా, నాకు తెలుసు."

"నీకు తెలుసులే. వాడికి తెలియదని చెబుతున్నా."

వారం గడిచేసరికి అంతస్తులన్నీ నాకూ కంఠతా వచ్చాయి. తొమ్మిదో అంతస్తులో నిచ్చెన దగ్గర ఆ పిల్ల ఊపిరి బిగబడుతుంది. అది దాటాక వదులుతుంది. నేనూ అక్కడే బిగబట్టి అక్కడే వదిలేదాన్ని. ఆడడం అయ్యాక పక్కనే టీ పెట్టుకుని, ఎక్కడ తరుగు పోయిందో ఇద్దరం లెక్క చూసుకునేవాళ్ళం. సాయంత్రాలు తను ఫోనులో తీసుకున్న వీడియో మళ్ళీ ఒక్కతే చూసుకునేది. ఓ రోజు టీవీ డాక్టరు తాడు కోసం వచ్చి, సరదాగా నేనూ ఆడతానని పైకొచ్చాడు. ఏడో అంతస్తు గబ్బిలం చేతిలో రెండుసార్లు చచ్చి ఎలాగో శిఖరం చేరాడు. అతనికీ వాచీ నేనే పట్టాను. ఆ సాయంత్రం కోడలు ఆ వీడియో కూడా చూసింది. చూసి నా వైపు తిరిగి ఏదో అనబోయింది. అనకుండా నా కప్పులో ఇంకాస్త టీ పోసింది.

మావాడు ఫోను చేసి "అమ్మా, ఏంటి, కొట్టు వదిలేసి గేములాడుతున్నావట?" అన్నాడు.

"ఆడేది మీ ఆవిడ. నేను కొలుస్తున్నా."

"మరి నాన్న?"

"మీ నాన్న ఇద్దరికీ అన్నం పెడుతున్నారు."

*

పోటీ రోజు పొద్దున్నించీ ముసురే. టీవీ డాక్టరు షాపు మిషను తెప్పించి గోదాములోనే పెట్టుకున్నాం. కెమెరా నిలిచే కొయ్య కాళ్ళు కదలకుండా మా ఆయన మా తాడుతోనే కట్టారు. పెద్దవాడని ముందు కళ్ళజోళ్ళాయనను ఆడమన్నారు. గోడలోంచి పోకుండా అన్ని అంతస్తులూ ఎక్కుతూ చక్కగా ఆడాడు. అద్దాలు ముక్కు మీది నుంచి జారిపోతున్నా ఒక్కసారీ ఎగదోసుకోలేదు. దీపం వెలిగింది, నేను వాచీ నొక్కాను. పదకొండు నిమిషాల యాభై రెండు సెకన్లూ, పైన కాస్త చిల్లర.

తర్వాత కోడలు కూర్చుంది. ఎక్కడా తడబడలేదు. తొమ్మిదో అంతస్తు నిచ్చెన దగ్గర మా ఇద్దరి ఊపిరీ ఒకేసారి ఆగి ఒకేసారి బయటికి వచ్చింది. దీపం వెలగగానే నొక్కి చూశాను. అదే యాభై రెండు. చిల్లర మాత్రం ఆయన కన్నా ఎక్కువ.

చెప్పేటప్పుడు నా గొంతు మామూలుగానే ఉండాలని చూసుకున్నాను. కోడలు వైరు చక్కగా చుట్టి మిషను మీద పెట్టింది.

"సరే అత్తయ్యా" అంది.

అంతే అంది. కళ్ళజోళ్ళాయన దగ్గరకు వెళ్ళి "బాగా ఆడారండీ" అని కూడా చెప్పింది. పోయినేడాది టైము కన్నా రెండు సెకన్లు వెనకబడింది. వాళ్ళ కళ్ళ ముందు ఒక్కసారి ఆడాలన్న కోరిక తీరింది గానీ, పోయిన మాట తిరిగి రాలేదు. ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయన కూడా హాస్యమాడలేదు.

మర్నాడు వానలో గొడుగేసుకుని కళ్ళజోళ్ళాయన కొట్టుకు వచ్చాడు. జనం ఖాళీ అయ్యేదాకా చుట్టల పక్కన నిలబడే ఉన్నాడు.

"తాడు కావాలా?"

"కాదక్కగారూ. ఒకటి చూపిద్దామని వచ్చాను. అమ్మాయిని కూడా పిలవండి."

ఫోను బల్ల మీద పెట్టాడు. నిన్నటి వీడియో. వీడియో అంటే బొమ్మల వరసేనట, ఒక్కో బొమ్మ దగ్గర ఆపి చూడవచ్చునట. తను ఆడడం మొదలుపెట్టిన చోట ఆపాడు.

"తెర వద్దు. మీ బొటనవేలు చూడండి."

చూశాను. లాంతరోడు మొదటి అడుగు వేశాడు. నా వేలు కదల్లేదు. రెండో అడుగు ఎత్తాడు. అప్పుడు నొక్కింది నా వేలు. తర్వాత కోడలి ఆట మొదలైన చోటు పెట్టాడు. లాంతరోడు ఇంకా కాలే కదపలేదు. నా వేలు అప్పటికే నొక్కేసి ఉంది.

"ఇంకోసారి పెట్టండి" అన్నాను. పెట్టాడు. మూడోసారి కూడా అదే వేలు, అదే నొక్కుడు.

మా ఆయన కొవ్వొత్తి ఆర్పి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూశారు. చూసి నెమ్మదిగా నవ్వారు. "ఆయనకు కొసరేశావే నువ్వు" అన్నారు.

నేను బల్ల మీద ఇత్తడి మేకుల వంక చూశాను. చెయ్యి నాదే. ఇన్నేళ్ళుగా అది బయటివాళ్ళకు జానెడు జరుపుతూనే ఉంది, ఇంట్లోవాళ్ళకు మేకు దగ్గరే కోస్తూనే ఉంది. తాడైనా టైమైనా దానికి ఒకటే.

"బొమ్మలు లెక్కపెట్టి చూశాను" అన్నాడు కళ్ళజోళ్ళాయన. "మీ అమ్మాయే ముందుంది. కనురెప్పంత. ఆ మొదటి స్థానం నాకొద్దు. ఆమె పేరే రాయిద్దాం."

ఇంత వానలో గొడుగేసుకుని వచ్చి, గెలిచింది వాపసు ఇచ్చే మనిషిని నేను వ్యాపారంలో ఎక్కువసార్లు చూడలేదు. కోడలి వైపు తిరిగాను. తను తల అడ్డంగా ఊపింది.

"వద్దండీ. వాచీతో కొలుద్దామని అందరం ఒప్పుకున్నాకే ఆడాం. ఆట అయిపోయాక కొలత మారిస్తే, అది మీరు నాకు వేసే కొసరు."

కళ్ళజోళ్ళాయన తలూపాడు.

"ఇకమీదట మనిషి చెయ్యి కొలవకూడదు" అన్నాను. "బొమ్మలే లెక్కపెట్టండి. మొదటి అడుగు కనబడిన బొమ్మ నుంచి దీపం వెలిగిన బొమ్మదాకా. ఆ రూలు ముందు రాసుకుని, మళ్ళీ ఆడండి ఇద్దరూ."

*

ఆ సాయంత్రం వాన తెరిపిచ్చింది. బయట పరిచిన పెద్ద టార్పాలిన్ మడతపెట్టాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చెరో అంచూ పట్టుకుని దులిపి, నడిచి ఎదురుగా వచ్చి మూలలు కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. కోడలు ఆ చివర, నేను ఈ చివర.

"నీకు ముందే తెలుసు కదూ?" అని అడిగాను.

నీళ్ళు ఓ పక్కకు జార్చింది. "ప్రాక్టీసులోనే తెలిసిందత్తయ్యా. నా వీడియోలో ఉన్న టైము కన్నా మీ వాచీ ఎప్పుడూ ఎక్కువే చూపించేది. టీవీ డాక్టరు గారు ఆడిన రోజు ఆయనకు తక్కువ చూపించింది."

ఎదురుగా వచ్చింది. మూలలు నా చేతికిచ్చి మళ్ళీ మడత పట్టుకుని వెనక్కి వెళ్ళింది.

"మరి నోరెందుకు మూసుకున్నావు? నీ మాట నిలబెట్టుకోవడానికే కదా ఇదంతా."

టార్పాలిన్ మీద మిగిలిన నీళ్ళు ఆ అంచు నుంచి ఈ అంచుకు పారి నా కాళ్ళ మీద పడ్డాయి.

"మొదటి వాన రోజు మీ అబ్బాయికి తాడు సరిగ్గా మేకు దగ్గర కోశారు. నాకు జానెడు ఎక్కువ వేశారు" అంది. "ఆ ముక్క ముడి వెయ్యకుండా అలాగే వదిలేశాను. రోజూ గదిలో వేలాడుతూ కనబడేది."

నేను నా అంచు గట్టిగా లాగి పట్టుకున్నాను.

"వాచీలో నాకు కొసరు వెయ్యట్లేదని తెలిసినప్పుడు..." మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడింది. "దాన్ని సరిచెయ్యమని ఎలా అడగను అత్తయ్యా?"

మడత చిన్నదైపోయింది. చివరి మడతలో ఇద్దరి చేతులూ ఒకే చోటికి వస్తాయి. మడత అందుకుంటుంటే తన వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి.

"చేతులు చల్లబడిపోయాయి నీకు" అన్నాను. "లోపలికి పద."

*

వానలు వెనకబట్టే రోజుల్లో మళ్ళీ ఆడారు. ఈసారి నా చేతిలో వాచీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మా ఆయన తెచ్చిన తాడు ముక్కకు ముడులు వేస్తూ, విప్పుతూ కూర్చున్నాను. కళ్ళజోళ్ళాయన తన జన్మలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదట. టీవీ డాక్టరు బొమ్మలు లెక్కపెట్టి పదకొండు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లని తేల్చాడు. కోడలి ఆట లెక్కపెట్టడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. రెండుసార్లు చూశాడు.

"నలభై తొమ్మిదీ, చిల్లరా" అన్నాడు.

రెండో స్థానమే. కోడలు మాత్రం ఆ అంకె వినగానే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కళ్ళజోళ్ళాయన బేలు మీది నుంచి లేచి ఆమె ఎదుట నిలబడ్డాడు. అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పోయినేడాది మీరు పంపింది పదకొండు యాభై. అది అతికించిందని సంఘంలో మొదట అన్నది నేనే అమ్మా. అంతస్తులన్నీ ఎక్కుతూ ఇంకెవరూ అంత తొందరగా ముగించలేరనుకున్నాను." అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ టైము కూడా పట్టీలో ఎక్కించమని ఈ రోజే రాస్తాను. ఆ రోజు తేదీతోనే."

"ఎక్కించండి" అంది కోడలు. తర్వాత నవ్వుతూ, "వచ్చే వానలకు మీ నలభై ఎనిమిది ఉండదు" అంది.

"చూద్దాం" అన్నాడు ఆయన. బేరం మొదలైందని నాకు అర్థమైంది.

ఎండ కాయడం మొదలయ్యాక ఓ పొద్దున కోడలు కొట్లోకి దిగివచ్చింది. టీవీని గోడకున్న బల్ల మీదికి ఎక్కించి కట్టాలట, తాడు కావాలంది. మా ఆయన కొవ్వొత్తి వెలిగిస్తూ ఓరకంట చూస్తున్నారు. నేను తాడు మేకు నుంచి మేకుకు పరిచాను. చివరి మేకు దగ్గర చెయ్యి దానంతట అది ముందుకు జరగబోయింది. పట్టి ఆపాను. సరిగ్గా మేకు దగ్గరే కోసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

తను తాడు కొస పట్టుకుని చూసింది. ఇటూ అటూ లాగి చూసింది.

"ముడికి చాలదేమో అత్తయ్యా."

"చాలకపోతే మళ్ళీ రా" అన్నాను. "కొట్టెక్కడికి పోతుంది?"